గుడ్డు పెంకుతో లెడ్ (సీసం) 98% పోయిందని సంబరపడ్డా, చెరువు నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరట్లే, ఎవరైనా చెప్పండి

ఉప్పల్ పోరడు

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఫైనల్ సెమ్, ఉండేది ఉప్పల్. ప్రాజెక్ట్ టాపిక్ "జంతు వ్యర్థాల నుంచి చవక అడ్సార్బెంట్లు, వాటితో చెరువు నీళ్ళ శుద్ధి" అని మా గైడ్ ఇచ్చిన్రు (అడ్సార్బెంట్ అంటే నీళ్ళలో ఉన్న మలినాన్ని తన మీద పట్టుకునే పదార్థం), పేరు బానే ఉంది గదా అని నేను కూడా తలూపిన. ఇప్పుడు సబ్మిషన్‌కి రెండు నెలలు ఉంది, రీడింగ్స్ చూస్తే తల తిరుగుతుంది.

మూడు తీసుకున్న. ఒకటి కోడిగుడ్డు పెంకులు, మా గల్లీ చివర ఆమ్లెట్ బండి భయ్యా దగ్గర రోజూ కవర్ నిండా ఫ్రీగా దొరుకుతయ్, కడిగి ఎండబెట్టి మిక్సీ పట్టి జల్లించిన (ఆ మిక్సీ జార్ అమ్మ ఇప్పుడు ముట్టుకుంటలేదు, అది వేరే కథ). రెండోది మేక బొక్కలు, మటన్ షాపు నుంచి తెచ్చి మఫిల్ ఫర్నెస్‌లో కాల్చిన. మూడోది కోడి ఈకలు, వాటి సంగతి అడగకండి, నీళ్ళలో వేస్తే పైనే తేలుతయ్, షేకర్‌లో రెండు గంటలు తిప్పినా పైనే తేలుతున్నయ్.

ఇప్పుడు అసలు సమస్య. డిస్టిల్డ్ వాటర్‌లో లెడ్ నైట్రేట్ కలిపి 10 పీపీఎం (లీటరుకి 10 మి.గ్రా లెడ్) చేసిన, 100 ఎంఎల్‌కి 1 గ్రాము పెంకు పొడి, 150 ఆర్పీఎం మీద 2 గంటలు, వాట్‌మన్ పేపర్‌లో ఫిల్టర్ చేసి ఏఏఎస్‌లో (నీళ్ళల్ల లోహం ఎంతుందో చదివే మిషన్) పెడితే 0.14 వచ్చింది. అంటే 98.6% పోయినట్టు. గైడ్ కూడా ఖుషీ. సరే నిజం నీళ్ళతో చేద్దాం అని నల్లచెరువు నీళ్ళు రెండు క్యాన్లు తెచ్చి దాంట్లో కూడా అదే స్టాక్ నుంచి 10 పీపీఎం లెడ్ కలిపిన. పెంకు వెయ్యకముందు రీడింగ్ చూద్దామని ఫిల్టర్ చేసి పెడితే 10 రావాల్సింది 2.1 వచ్చింది!! స్టాక్ తప్పుగా చేసిననేమో అనుకుని మళ్ళీ చేసిన, లీటరుకి 1.598 గ్రాములు తూచి మరీ చేసిన, మూడుసార్లు చేసినా రెండుకి అటూ ఇటూనే. పెంకు వేసినంక 0.2. ఇప్పుడు నేను 10 నుంచి లెక్కేసి 98% రాయాల్నా, 2.1 నుంచి లెక్కేసి 90% రాయాల్నా? మా సీనియర్ ఏమంటడంటే 10 నుంచి వేసెయ్, ఎవరు చూస్తర్రా అని.

ఇంకోటి, లెడ్ కలపకుండా ఉత్త చెరువు నీళ్ళు పెడితే ముందు జీరో, పెంకు వేసినంక కూడా జీరో. మరి నేను శుద్ధి చేసింది ఏంది?

బొక్కల బొగ్గు అయితే ఇంకా ఘోరం, మిథిలీన్ బ్లూ (టెస్టుకి వాడే నీలం డై) తియ్యనీకి వేస్తే నీళ్ళు పచ్చగా టీ నీళ్ళ లెక్క అయినయ్, వాసన. అందరి పేపర్లలో మంచిగా గ్రాఫులు వస్తయ్, నాకే ఎందుకిట్ల.

పాత కెమిస్ట్

తమ్ముడూ, పోస్ట్ రెండుసార్లు చదివాను, ఒక్క చోట కూడా పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) రాయలేదు. నీ కథ మొత్తం అక్కడే ఉంది.

గుడ్డు పెంకు అంటే ఇంచుమించు 95% కాల్షియం కార్బొనేట్. సుద్దముక్క అనుకో. దాన్ని నీళ్ళలో వేసి రెండు గంటలు కుదిపితే పీహెచ్ 8 దాటి పోతుంది, కార్బొనేట్ కూడా కొంత కరుగుతుంది. నువ్వు కలిపిన లెడ్ సొల్యూషన్ మొదట్లో 5 దగ్గర ఉండి ఉంటుంది, అక్కడ లెడ్ హాయిగా కరిగి ఉంటుంది, 8 దాటాక ఉండలేదు, లెడ్ కార్బొనేట్‌గానో హైడ్రాక్సైడ్‌గానో తెల్లటి మడ్డిలా అడుక్కి దిగుతుంది. ఆ మడ్డిని నీ ఫిల్టర్ పేపర్ పట్టేసింది. నువ్వేమో పెంకు పట్టుకుంది అని రాసుకున్నావు. పెంకు అసలు పట్టుకోలేదని కాదు, కొంత పట్టుకునే ఉంటుంది, కానీ ఎంత పెంకు పని, ఎంత పీహెచ్ పని అన్నది నీ డేటాలో విడిపోలేదు.

చెరువు నీళ్ళలో 10 కాస్తా 2.1 అవడం కూడా ఇదే. మన చెరువుల నీళ్ళు మామూలుగానే 7.5, 8 ఉంటాయి, బైకార్బొనేట్లు దండిగా, పైగా బురద, నాచు. లెడ్ పొయ్యగానే కొంత మడ్డయింది, కొంత బురద రేణువులకి అతుక్కుంది. నీ స్టాక్‌లో తప్పేం లేదు. నిజానికి నీ ప్రాజెక్ట్‌లో నాకు నచ్చిన రీడింగ్ ఆ 2.1 ఒక్కటే, నువ్వేమో దాన్ని దాచెయ్యాలని చూస్తున్నావు. మీ సీనియర్ మాట వినకు, వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగే మొదటి ప్రశ్న బ్లాంక్ ఎక్కడయ్యా అనే. బ్లాంక్ అంటే పెంకు లేకుండా, మిగతాదంతా అలాగే చేసి చూసే పోలిక పరీక్ష.

చెయ్యాల్సింది చెప్తాను. 10 పీపీఎం లెడ్ డిస్టిల్డ్ వాటర్‌లో తీసుకో, పెంకు వెయ్యకు, పల్చటి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి, పెంకు వేసినప్పుడు ఎంత పీహెచ్ వచ్చిందో సరిగ్గా అంతకే తీసుకురా, అదే రెండు గంటలు కుదుపు, అదే పేపర్‌తో ఫిల్టర్ చెయ్యి, చదువు. అది నీ అసలు బ్లాంక్. ఇంకో బ్లాంక్, 5 పీహెచ్ దగ్గరే ఉన్న లెడ్ నీళ్ళని ఊరికే ఆ పేపర్‌లోంచి పంపి చదువు, ఎందుకంటే సెల్యులోజ్ పేపర్ కూడా కొంత లెడ్ తాగేస్తుంది, నమ్మవు గానీ తాగుతుంది. కుదిరితే 0.45 మైక్రాన్ సిరంజి ఫిల్టర్ వాడు, మొదటి కొన్ని ఎంఎల్ పారెయ్యి.

పెంకు ఉన్న ఫ్లాస్క్‌ని బఫర్ వేసి 5 దగ్గర ఆపుదాం అనుకుంటావేమో, కుదరదు. పెంకు ఆ యాసిడ్‌ని తినేసి పీహెచ్‌ని మళ్ళీ పైకి తీసుకెళ్తుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఒకబ్బాయి శాంపిల్ ప్రిజర్వ్ చెయ్యాలని ఫిల్టర్ చెయ్యకుండానే నైట్రిక్ యాసిడ్ పోసేశాడు, బాటిల్ సోడాలా పొంగింది, పెంకు కరిగింది, దాని మీద ఉన్న లెడ్ అంతా తిరిగి నీళ్ళలోకి వచ్చేసింది. ముందు ఫిల్టర్, తర్వాతే యాసిడ్.

ఉత్త చెరువు నీళ్ళలో జీరో రావడం గురించి. తాగునీటికి బీఐఎస్ (దేశ ప్రమాణాల సంస్థ) పెట్టిన లెడ్ హద్దు లీటరుకి 0.01 మి.గ్రా. ఫ్లేమ్ ఏఏఎస్ అంత కిందికి నమ్మకంగా చదవదు. కాబట్టి నీ జీరో అంటే లెడ్ లేదని కాదు, ఆ మిషన్‌కి కనపడలేదని. గ్రాఫైట్ ఫర్నెస్ కావాలి లేదా ఐసీపీ-ఎంఎస్ కావాలి, అవి ఇంకా తక్కువ లోహాన్ని కూడా చదివే మిషన్లు. ఉప్పల్‌లో ఉంటూ దీనికోసం ఎక్కడికో వెతుక్కోనక్కర్లేదు, ఎన్‌జీఆర్‌ఐ మీ రోడ్డు మీదే, ఐఐసీటీ, ఓయూ తార్నాకలో, అన్నీ పరిశోధన చేసే చోట్లే. గైడ్‌తో ఒక లెటర్ రాయించుకుని అడిగి చూడు.

అడుగున మిగిలిన పొడి పారెయ్యకు, ఎక్స్‌ఆర్‌డీ (పొడిలో ఏ ఖనిజం ఉందో చెప్పే పరీక్ష) చేయించి చూడు, నీ డోసులో లెడ్ మరీ తక్కువ కాబట్టి కనపడకపోవచ్చు, లెడ్ కార్బొనేట్ పీకులు కనపడితే మాత్రం అది అడ్సార్ప్షనా (పెంకు పట్టుకోవడమా) అవక్షేపమా (మడ్డిగా దిగడమా) అన్న వాదన తగ్గుతుంది. ఆ లెడ్ నీళ్ళు మాత్రం సింక్‌లో పొయ్యొద్దు, ఒక క్యాన్‌లో పోగు చెయ్యి.

ఎస్టీపీ ఆపరేటర్

కెమిస్ట్ సార్ చెప్పింది కరెక్ట్. నేను చదువు తక్కువోన్ని, పన్నెండేండ్ల సంది ఎస్టీపీలల్ల (మురుగు నీళ్ళు శుద్ధి జేసే ప్లాంటులల్ల) పన్జేస్తున్న, నా మోటు లెక్క చెప్త.

తమ్మీ, నువ్వు 100 ఎంఎల్‌కి 1 గ్రాము ఏసినవ్. అంటే లీటరుకి 10 గ్రాములు. ఒక అపార్ట్‌మెంట్ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకి 10 కిలోల పెంకు పొడి. గుడ్డుకి పెంకు ఆరు గ్రాములు ఏస్కో, పదహారు వందల పైన గుడ్లు కావాలె, ఒక్క ట్యాంకుకి. అందుట్ల ఉన్న లెడ్ అంతా కలిపి 10 గ్రాములు, అది గూడ నువ్వు కలిపిందే. గిన్ని గుడ్లు తినేటోల్లు యాడున్నరు. డోసు తగ్గించుకుంట పో, లీటరుకి అర గ్రాము, గ్రాము, రెండు గ్రాములు, యాడ ఆగిపోతదో చూడు. పర్సెంటు కాదు, గ్రాము పెంకు ఎన్ని మిల్లీగ్రాములు గుంజిందో అది చెప్పు, మాకు ప్లాంటుల అదే పనికొస్తది.

ఇగ ఇంకో మాట. నువ్వు చెరువుకి పొయ్యి లెడ్ ఎందుకు దేవులాడుతున్నవ్? మన సిటీల చెరువులల్ల పడేది ముందుగాల డ్రైనేజీ నీళ్ళు. హుస్సేన్‌సాగర్‌కి కూకట్‌పల్లి నాలాల ఫ్యాక్టరీల నీళ్ళు వచ్చినయ్ అంటే అది వేరే సంగతి, పటాన్‌చెరు దిక్కు నక్కవాగు అంటే అది ఇంకా వేరే. మీ కాలనీ పక్క చెరువుల ఉండేది అమ్మోనియా, ఫాస్ఫేటు, మలం బ్యాక్టీరియా. గుర్రపు డెక్క ఎందుకు గట్ల పెరుగుతది అనుకుంటున్నవ్, ఫాస్ఫేటు, నైట్రోజన్ తినే. నీళ్ళల్ల ఏమున్నదో సూడకుండ మందు తయారు జేసినట్టున్నది నీ పని, జ్వరమా దగ్గా అడగకుండ గోలి ఇచ్చినట్టు.

ఫాస్ఫేటు సూడు ఒకసారి. కాల్షియం ఉన్న సామాను ఫాస్ఫేటుని గుంజుతది. ఉత్త పెంకు అంత గుంజకపోవచ్చు, 900 డిగ్రీల కాలిస్తే అది సున్నం అయితది, అప్పుడు సూడు దాని పని. ఎనుకటికి గుల్లసున్నం ఎట్ల కాల్చేటోళ్ళు, నత్తగుల్లలు ఆల్చిప్పలు బట్టీల పెట్టి కాల్చేటోళ్ళు, గది ఇది ఒక్కటే. ప్లాంటుల సున్నం ఏసి ఫాస్ఫరస్ దించుడు శానా పాత పద్ధతి, నువ్వేం కొత్తగ కనిపెడ్తలేవు, బాధపడకు, సున్నం యాడికెల్లి వచ్చిందన్నదే కొత్త.

బొక్కల బొగ్గు మాత్రం చెరువుల ఏస్త అనకు. బొక్క అంటేనే కాల్షియం ఫాస్ఫేటు. అండ్లకెల్లి కొంత ఫాస్ఫేటు నీళ్ళల్లకి దిగుతది. డెక్కకి నువ్వే ఎరువేసినట్టు అయితది.

బురద సంగతి గూడ యాది పెట్టుకో. మురికి నీళ్ళని సీదా అడ్సార్బెంటు మీదికి ఇడిస్తే రెండు రోజులల్ల దాని రంధ్రాలన్ని మూసుకుంటయ్. ముందుగాల పటికతోని తేర్చాలె, ఇసుక ఫిల్టర్ల పంపాలె, గప్పుడు ఇది, ఆఖరుకి క్లోరిన్. ఈకలూ పెంకులూ బ్యాక్టీరియాని సంపయి, కడగని ఈకలైతే వాటికి తిండి పెడ్తయ్.

పాయా ప్రియుడు

నేను సైన్స్ కాదు కామర్స్, కానీ బొక్కల విషయంలో మాట్లాడకుండా ఉండలేను, నాన్నకి మటన్ షాపు ఉండేది.

బ్రదర్ నువ్వు షాపు నుంచి తెచ్చిన బొక్కని నేరుగా ఫర్నెస్‌లో పెట్టావు కదా? అందుకే పచ్చ నీళ్ళు. బొక్క లోపల మూలుగ ఉంటుంది, కొవ్వు ఉంటుంది, పైన జిగట తోలు ఉంటుంది. పాయా ఎన్ని గంటలు ఉడికిస్తారో చూశావా, అప్పటికీ చేతికి జిగురు అంటుతుంది. అది వదలకుండా కాలిస్తే బయట నల్లగా లోపల పచ్చిగా ఉంటుంది. మా ఇంట్లో కుక్కకి కాల్చి వేసిన బొక్క విరగ్గొడితే లోపల గోధుమ రంగు జిడ్డు, అదే నీ టీ నీళ్ళు.

హోటళ్ళలో పాయా, నల్లి చేసినాక మిగిలిన బొక్కలు అడుగు, సగం పని వాళ్ళే చేసి ఉంటారు. మళ్ళీ వాషింగ్ సోడా వేసి రెండు మూడు నీళ్ళు మార్చి ఉడికించు, ఎండలో వారం రోజులు ఆరెయ్. డాబా మీద ఆరేస్తే కాకులు కుక్కలు కాదు, పక్కింటి వాళ్ళు చంపేస్తారు, అది చూసుకో. కాల్చే పని మాత్రం ల్యాబ్‌లోనే పెట్టుకో, ఒకసారి మా షాపు వెనకాల ఎవరో బొక్కలకి నిప్పంటిస్తే గల్లీ మొత్తం మూడు రోజులు ముక్కు మూసుకుంది.

ఈకల గురించి కూడా ఒక డౌట్. మన దగ్గర చికెన్ ఎక్కువ స్కిన్‌లెస్ అడుగుతారు కదా, అప్పుడు ఈకలు పీకరు, తోలుతో కలిపి ఊడదీస్తారు. నీకు వచ్చిన ఈకలకి తోలు ముక్కలు, కొవ్వు అంటుకునే ఉంటాయి. అందుకే తేలుతున్నాయేమో?

పాత కెమిస్ట్

కామర్స్ బ్రదర్ భలే పట్టుకున్నారు. ఈకకి సహజంగానే నూనె పూత ఉంటుంది, లేకపోతే కోడి వానలో తడిసి ముద్దయిపోదూ. డిటర్జెంట్‌తో కడిగి, ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి, ఆరబెట్టి సన్నగా కత్తిరించి వాడితే మునుగుతాయి. ఈక 90% దాకా కెరటిన్, అందులో సల్ఫర్ ఉంది, లోహాల్ని పట్టుకునే గుణం దానికి నిజంగానే ఉంది. పైగా అది పీహెచ్‌ని పెంకులాగా ఎగదోయదు. నన్నడిగితే నీ మూడింటిలో అడ్సార్ప్షన్ అన్న మాటకి న్యాయం చేసేది ఈకే, నువ్వు సంగతి అడగకండి అన్నది కూడా దాన్నే.

బొక్కకి 400 నుంచి 500 డిగ్రీలు, క్రూసిబుల్‌కి మూత పెట్టి, గాలి ఎక్కువ ఆడకుండా. తీశాక నల్లగా ఉండాలి. గోధుమ రంగు ఉంటే చాల్లేదు, తెల్లగా బూడిదలా ఉంటే ఎక్కువైంది, బొగ్గంతా కాలిపోయి ఉత్త ఖనిజం మిగిలింది, పట్టే శక్తి పడిపోతుంది. తర్వాత నీళ్ళు రంగు మారనంత వరకూ కడుగు. మిథిలీన్ బ్లూ 664 నానోమీటర్ల దగ్గర చదువుతావు కదా, రంగు అంటిన నీళ్ళకి రంగు లేని డిస్టిల్డ్ వాటర్ బ్లాంక్ పెడితే ఏం లాభం, డై లేకుండా ఉత్త బొగ్గు కుదిపిన నీళ్ళు బ్లాంక్ పెట్టు.

లెడ్‌కి మాత్రం ఎముక బొగ్గు గట్టిది. అందులోని ఫాస్ఫేట్ లెడ్‌తో కలిసి పైరోమార్ఫైట్ అనే ఖనిజం అవుతుంది, అది మళ్ళీ తేలిగ్గా కరగదు. అదీ అడ్సార్ప్షన్ కాదు అంటే కాదు, కానీ చెడ్డపనేం కాదు.

నల్లగొండ బిడ్డ

బొక్కల బొగ్గు అనగానే ఆగిపోయిన ఇక్కడ. మాది మర్రిగూడ దిక్కు, ఇప్పుడు ఎల్బీనగర్‌ల ఉంటున్న. ఫ్లోరైడ్ అంటే మా దగ్గర పుస్తకంల మాట కాదు, మా చిన్నప్పుడు పండ్ల మీద పచ్చ చారలు లేని పిల్లని చూస్తే సుట్టాల పిల్ల అనుకునేటోళ్ళం.

తూర్పు ఆఫ్రికా దేశాలల్ల, టాంజానియా, కెన్యాలల్ల బొక్కల బొగ్గుతో ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్లు ఇండ్లల్ల వాడిన్రు, థాయ్‌లాండ్‌ల కూడ. ఫ్లోరైడ్‌కి చవకల దొరికే వాటిల్ల అది మంచిదే. నేను బీఎస్సీల ఉన్నప్పుడు ఇది చదివి ఇంటికి పొయ్యి మా నాయినమ్మకి చెప్పిన, బొక్కలల్లకెల్లి వచ్చిన నీళ్ళు తాగుతరే అని. ఆమె చెంబు కింద పెట్టి నన్ను ఎట్ల చూసిందంటే ఇప్పటికీ యాదికున్నది. ఏ జీవి బొక్కలు అని ఒక్కటే అడిగింది. నేను చెప్పలే. మేకవి అంటే ఒకరు తాగుతరు, గొడ్డువి అంటే ఒకరు తాగరు, పందివి అంటే ఇంకొకరు తాగరు, శాఖాహారులు ఏదైనా తాగరు. గ్రాఫు గీసే పిల్లలు ఈ ముచ్చట ఒక్క లైన్ల కూడ రాయరు. తమ్ముడు నువ్వు రాయి.

ఫ్లోరైడ్ తీసేతందుకు మా దిక్కు వచ్చింది నల్గొండ టెక్నిక్, నీరీ (కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. దాంట్ల బొక్క లేదు, అభ్యంతరం లేదు. కానీ రోజూ కలపాలె, తేటనీళ్ళు వంచుకోవాలె, కింద మడ్డి యాడ పొయ్యాలె, ఎవరు చేస్తరు చెప్పు, నాలుగు దినాలు చేసి ఇడిసిపెట్టిన్రు. ఆఖరుకి మా ఊరికి పని చేసింది అడ్సార్బెంటూ కాదు పటికా కాదు, మిషన్ భగీరథల కృష్ణా నీళ్ళు పైపుల వచ్చుడు. బోరు నీళ్ళు బంద్ చేసి నది నీళ్ళు తాగుడు.

ఒకటి సరిచెయ్యాలె, ఫ్లోరైడ్ ఎక్కువ భూగర్భ జలాల సమస్య, రాయిలకెల్లి దిగుతది. చెరువు నీళ్ళ ప్రాజెక్టుల బొక్కల బొగ్గుకి ఫ్లోరైడ్ పెడ్తే టైటిల్‌కి పనికి మధ్యల పొంతన ఉండదు. బోరు నీళ్ళు తెచ్చుకుంటే పెట్టు.

ఎస్టీపీ ఆపరేటర్

అక్క చెప్పిన దానికి ఒక లెక్క కలుపుత. గ్రాము బొక్కల బొగ్గు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ గుంజుతది అనుకుందాం. ఇంటికి తాగ, వండ రోజు 20 లీటర్లు, నీళ్ళల్ల లీటరుకి 3 మి.గ్రా ఉంటే 1కి దించాలె, బీఐఎస్ హద్దు 1, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. అంటే రోజుకి 40 మి.గ్రా తియ్యాలె, 20 గ్రాముల బొగ్గు. నెలకి 600 గ్రాములు ఒక్క ఇంటికి. ఊరంతటికి నెలనెలా బొక్కలు ఎవడు కాలుస్తడు, కాలం చెల్లిన బొగ్గుని ఎవడు మారుస్తడు? అది సోడాతోని కడిగితే మళ్ళ వాడొచ్చు అంటరు, కడిగిన నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంటది గదా, అది మళ్ళ యాడ పోస్తరు. సామాను చవకనే, దాన్ని నడిపే మనిషి చవక కాదు.

పాయా ప్రియుడు

చక్కెర కూడా బొక్కల బొగ్గుతో తెల్లగా చేస్తారు అని వాట్సాప్‌లో వస్తుంది కదా, అది నిజమా? అడగకూడదేమో ఇక్కడ, కానీ నల్లగొండ అక్క చెప్పింది విన్నాక డౌట్ వచ్చింది.

పాత కెమిస్ట్

వేరే దేశాల్లో చక్కెర రిఫైనరీల్లో 19వ శతాబ్దం నుంచీ వాడారు, ఇప్పటికీ కొన్ని వాడుతున్నాయి. మన మిల్లులు ఎక్కువగా సల్ఫర్ పొగ, సున్నం పద్ధతి. నిశ్చింతగా టీ తాగండి.

ఉప్పల్ పోరడు

అందరికీ థ్యాంక్స్, మూడు వారాలు మాయమైన, ల్యాబ్‌లనే ఉన్న.

కెమిస్ట్ సార్, మీరు చెప్పిన బ్లాంక్ చేసిన. పెంకు వేసిన ఫ్లాస్క్ పీహెచ్ 5.2 నుంచి 8.6 అయింది. పెంకు లేకుండా చుక్కలతో 8.6కి తెస్తే 10 కాస్తా 1.4 అయింది, అంటే 86% ఉత్తిగనే పోయింది, పెంకు లేకుండా! ఉత్త పేపర్ కూడా కొంచెం తాగింది. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలే నిజంగా. గైడ్‌కి చూపెడితే కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "టైటిల్‌ల అడ్సార్ప్షన్ తీసి రిమూవల్ అని పెట్టు" అన్నరు. తిట్టలే అదే సంతోషం.

ఈకలు డిటర్జెంట్, ఆల్కహాల్‌తో కడిగితే మునిగినయ్. 5 పీహెచ్ దగ్గర లెడ్ 60 పర్సెంట్ దాకా పట్టినయ్, పీహెచ్ దాదాపు కదలలే. గ్రాఫ్ చూడనీకి బాలేదు కానీ ఇది నాదే అనిపించింది.

ఎస్టీపీ అన్నా, నీ మాట పట్టుకుని ఫాస్ఫేటు చేసిన, నీలం రంగు వచ్చే మాలిబ్డేట్ పద్ధతిలో. చెరువు నీళ్ళల్ల లీటరుకి 3.1 మి.గ్రా ఫాస్ఫరస్ ఉంది, ఉత్త పెంకు వేస్తే 2.8, 900 దగ్గర రెండు గంటలు కాల్చిన పెంకు లీటరుకి అర గ్రాము వేస్తే 0.3!! కానీ పీహెచ్ 11.6 అయి కూర్చుంది. ఈ నీళ్ళు చెరువులకి ఇడిస్తే చేపలు సస్తయ్ కదా. ఏం చెయ్యాలె?

అక్కా, నీ నాయినమ్మ ముచ్చట డిస్కషన్ చాప్టర్‌ల ఒక పేరా రాసిన, పేరు లేకుండా. గైడ్ ఇది సైన్సా అని అడిగిన్రు, ఉండనీ అని మళ్ళీ వాళ్ళే అన్నరు.

ఎస్టీపీ ఆపరేటర్

మస్తు జేసినవ్ తమ్మీ. మడ్డి దిగినంక పై తేట నీళ్ళల్లకి కార్బన్ డై ఆక్సైడ్ బుడగలు పంపు, పీహెచ్ కిందికొస్తది, పెద్ద ప్లాంటులల్ల గూడ గట్లనే చేస్తరు. మడ్డితోని సహా పంపకు, పట్టిన ఫాస్ఫేటు మళ్ళ ఇడుస్తది. ఆ మడ్డి ఆరబెట్టి పొలంల ఏసుకోవచ్చు, కాల్షియం ఫాస్ఫేటే గదా, లెడ్ కలిపిన ఫ్లాస్కులది మాత్రం కలపకు. ఇంకోటి, ఫర్నెస్‌ల పెట్టిన 100 గ్రాముల పెంకు బయటికి తీస్తే ఎంతుంది?

ఉప్పల్ పోరడు

56, 57 గ్రాములు వస్తుంది అన్నా. మిగతాది గాలిల కలిసిపోతుంది.

పాత కెమిస్ట్

అది కార్బన్ డై ఆక్సైడే. దాన్నే పట్టుకుని నీళ్ళలోకి పంపగలిగితే పీహెచ్ ఖర్చు తగ్గేది, కాలేజీ ఫర్నెస్‌తో మాత్రం ప్రయత్నించకు. దాని మీటరు రీడింగ్ రాసి పెట్టుకో, 900 డిగ్రీలు రెండు గంటలంటే యూనిట్లు బాగానే లాగుతుంది, ఎక్స్‌టర్నల్ ఖర్చు అడుగుతాడు.

ఉప్పల్ పోరడు

ఖర్చు అంటే యాదికొచ్చింది సార్. ఆమ్లెట్ బండి భయ్యా నిన్నటిదాకా పెంకులు ఫ్రీగా ఇచ్చేటోడు, నేను రోజూ రెండు కవర్లు పట్టుకపోతుంటే ఏదో బిజినెస్ పెట్టిననుకుని ఇయ్యాల కిలోకి పది రూపాయలు అడిగిండు. టైటిల్‌ల "చవక" అన్న మాట ఉంచాల్నా తియ్యాల్నా?